ఛాఛ్రో దాడి: గెలిచిన రాత్రి ఒకటి, ఊరు వదిలిన రాత్రులు ఎన్నో

డిసెంబరు వచ్చిందంటే 1971 యుద్ధం మళ్లీ మన ఇళ్లలోకి వస్తుంది. 4న నౌకాదళ దినోత్సవం, 16న విజయ్ దివస్. టీవీల్లో ఘాజీ జలాంతర్గామి కథ మరోసారి చెబుతారు. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ జరిగినప్పటి నుంచి ఈ కథలకు గిరాకీ ఇంకా పెరిగింది. రాత్రికి రాత్రే శత్రువు గడ్డ మీదికి వెళ్లి, దెబ్బ కొట్టి, తెల్లారేసరికి తిరిగి వచ్చిన వీరుల వీడియోలు మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి.

ఆ వీడియోలు చూసి గర్వపడటంలో తప్పేమీ లేదు. కాకపోతే అవన్నీ ఒకే చోట ఆగిపోతాయి. కమాండోలు క్షేమంగా తిరిగి రాగానే కథ ముగుస్తుంది. వాళ్లు దాడి చేసిన ఊరు ఆ తర్వాత ఏమైంది, అక్కడి జనం ఎటు పోయారు అన్న ప్రశ్నను ఎవరూ అడగరు. సరిహద్దు గీతల వల్ల ఇంటి చిరునామా మారిపోయిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఆ ప్రశ్న మనమైనా అడగాలి. అందుకే ఈసారి ఛాఛ్రో కథను తీసుకున్నాం. మన సైన్యం చేసిన రాత్రి దాడుల్లో గొప్పగా చెప్పుకునేవాటిలో అది ఒకటి. దాని తర్వాతి కథ మాత్రం చాలామందికి తెలియదు.

ఆ నాలుగు రోజులు

ఛాఛ్రో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో, థార్‌పార్కర్ ప్రాంతంలో ఉన్న చిన్న ఎడారి పట్టణం. ఇటువైపు రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లా. మధ్యలో పదుల కిలోమీటర్ల మేర ఇసుక దిబ్బలు. దారి తెలియనివాడికి పగలే దిక్కు తోచదు, రాత్రి సంగతి చెప్పనక్కర్లేదు.

1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద దాడి చేయడంతో పశ్చిమాన యుద్ధం మొదలైంది. బాడ్‌మేర్ వైపు నుంచి మన పదాతి దళాలు సింధ్‌లోకి నడిచాయి. వాటికంటే ముందుగా శత్రువు వెనక్కి చేరి, అతని స్థావరాలను కలవరపెట్టే పని 10 పారా కమాండో బెటాలియన్‌కు అప్పగించారు. 1965 యుద్ధంలో మేజర్ మేఘ్ సింగ్ నడిపిన మేఘదూత్ దళం ఇలాంటి పనులు చేసి చూపించింది. ఆ అనుభవం నుంచే 1966లో 9 పారా కమాండో, మరుసటి ఏడాది 10 పారా కమాండో పుట్టాయి. 10వ బెటాలియన్‌ను ఎడారి యుద్ధం కోసమే తయారు చేశారు.

దాని అధిపతి లెఫ్టినెంట్ కల్నల్ సవాయి భవానీ సింగ్, జైపూర్ మహారాజు. తండ్రి మాన్ సింగ్ 1970లో చనిపోయాక ఆ బిరుదు ఆయనకు వచ్చింది. ఆయన దాడికి వెళ్లిన నెలలోనే, డిసెంబరు 28న, రాజ్యాంగం 26వ సవరణ అమల్లోకి వచ్చి మహారాజుల బిరుదులనూ రాజభరణాలనూ రద్దు చేసింది. మహారాజుగా ఎడారిలోకి వెళ్లిన మనిషి, ఆ నెల ముగిసేసరికి చట్టం ముందు మామూలు పౌరుడయ్యాడు.

డిసెంబరు 5 రాత్రి కమాండోలు జీపుల్లో సరిహద్దు దాటారు. జీపుల మీద మెషిన్ గన్‌లు బిగించుకున్నారు. నాలుగు రోజులు, నాలుగు రాత్రులు శత్రు భూభాగంలోనే ఉండి ఛాఛ్రో, వీరావా స్థావరాల మీద వరుసగా దాడులు చేశారు. పాకిస్తాన్ రేంజర్లు ఆ దిక్కు నుంచి, అంత లోపలికి ఎవరైనా వస్తారని అనుకోలేదు. స్థావరాలు పడిపోయాయి, ఖైదీలూ ఆయుధాలూ చేతికి చిక్కాయి. భవానీ సింగ్‌కు మహావీర చక్ర లభించింది. బెటాలియన్‌కు ‘ఛాఛ్రో 1971’ యుద్ధ గౌరవం దక్కింది. సైనిక పరంగా చూస్తే దీన్ని వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

అదే బెటాలియన్, మరో రాత్రి

ఛాఛ్రో ఎందుకు గెలిచిందో అర్థం కావాలంటే అదే బెటాలియన్ ఓడిన రాత్రిని కూడా చూడాలి. తమిళనాడులో ఉన్న మన పాఠకులకు అది బాగానే గుర్తుండి ఉంటుంది. 1987 అక్టోబరు 11 అర్ధరాత్రి దాటుతుండగా, శ్రీలంకలోని జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో 10 పారా కమాండోలు హెలికాప్టర్ల నుంచి దిగారు. ఎల్‌టీటీఈ నాయకత్వాన్ని పట్టుకోవాలన్నది పథకం. వాళ్లకు తోడుగా 13 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు కూడా దిగాలి.

అయితే మన రేడియో సంభాషణలను టైగర్లు ముందే విన్నారు. మైదానం చుట్టూ తుపాకులతో కాచుకుని ఉన్నారు. కాల్పుల ధాటికి మిగిలిన హెలికాప్టర్లు దిగలేకపోయాయి. సిఖ్ దళంలో దిగగలిగిన 30 మందిలో 29 మంది చనిపోయారు, ఒక్కరు బందీగా చిక్కారు. ఆరుగురు కమాండోలు ప్రాణాలు కోల్పోయారు. రైలు పట్టాల వెంట ట్యాంకులు వెళ్లి మిగతా కమాండోలను బయటికి తీసుకురావాల్సి వచ్చింది.

రెండు చోట్లా ఒకే బెటాలియన్, ఒకే ధైర్యం. ఫలితాలు మాత్రం పూర్తిగా వేరు. మన సినిమాల్లో రాత్రి దాడి అంటే కండబలం, గురి, కొత్త రకం తుపాకి. నిజానికి శత్రువు ఎదురుచూడని చోట, ఎదురుచూడని వేళ కనిపించడమే దానికి ప్రాణం. ఆ ఒక్కటి పోతే చిన్న దళానికి వెనక ఫిరంగులు ఉండవు, పక్కన తోటి పటాలం ఉండదు. శత్రువు నడిబొడ్డున ఒంటరిగా చిక్కుకుంటుంది.

ఆ రహస్యాన్ని కాపాడుకోవాలంటే స్థానిక జ్ఞానం కావాలి. థార్‌లో అది పుష్కలంగా ఉంది. బాడ్‌మేర్ పల్లెల్లోనూ ఛాఛ్రో పల్లెల్లోనూ వినిపించే మాట దాదాపు ఒకటే, ధాట్కీ. అటువైపు ఉన్న సోఢా రాజపుత్రులు తమ గోత్రంలో పెళ్లి చేసుకోరు. అందుకే తరతరాలుగా కోడళ్లు రాజస్థాన్ నుంచి వస్తారు, ఆడపిల్లలు అటు వెళతారు. ఏ దిబ్బ వెనక ఏ బావి ఉందో, ఏ దారిన ఒంటెలు నడుస్తాయో చెప్పగలిగినవాళ్లు గీతకు రెండు వైపులా ఉన్నారు. జాఫ్నాలో మన సైన్యానికి అలాంటి చుట్టరికమేదీ లేదు. అక్కడి భాష, అక్కడి వీధులు ఎదుటివాళ్లకే తెలుసు.

అంటే యుద్ధంలో సరిహద్దు జనం ఊరికే చూస్తూ నిలబడిన ప్రేక్షకులు కారు. వాళ్ల భాష, బంధుత్వం, నేల మీది జ్ఞానం కూడా యుద్ధ సామగ్రిలో భాగమే. అందుకే యుద్ధం ముగిశాక వాళ్ల పరిస్థితి ఏమిటన్న ప్రశ్నకు అంత బరువు ఉంది.

బల్ల మీద గీసిన గీత

డిసెంబరు 17న పశ్చిమాన కాల్పులు ఆగేసరికి థార్‌లో పెద్ద భాగం మన చేతిలో ఉంది. ఛాఛ్రో దాదాపు ఏడాది పాటు భారత అధికారుల పాలనలో ఉంది. 1972 జులై 2న ఇందిరా గాంధీ, జుల్ఫికర్ అలీ భుట్టో సిమ్లాలో ఒప్పందం మీద సంతకాలు చేశారు.

ఆ ఒప్పందంలో రెండు నియమాలు ఉన్నాయి. ఒకటి, అంతర్జాతీయ సరిహద్దు ఉన్నచోట రెండు సైన్యాలూ తమ తమ వైపుకు తిరిగి వెళ్లాలి. రెండు, జమ్మూ కశ్మీర్‌లో మాత్రం డిసెంబరు 17న కాల్పులు ఆగినప్పుడు ఎవరు ఎక్కడ ఉన్నారో ఆ గీతనే ఇద్దరూ గౌరవించాలి. మొదటి నియమం కింద పశ్చిమాన మనం గెలిచిన 13,000 చదరపు కిలోమీటర్లకు పైగా నేల పాకిస్తాన్‌కు తిరిగి వెళ్లింది. ఛాఛ్రో, వీరావా అందులోనివే. నాలుగు రాత్రుల సాహసంతో చేతికి వచ్చిన ఊరు, ఒక సంతకంతో చేయి దాటిపోయింది.

రెండో నియమం ఏం చేసిందో చూడాలంటే లద్దాఖ్‌లోని తుర్తుక్‌కు వెళ్లాలి. అదే డిసెంబరులో, ఎముకలు కొరికే చలిలో, మేజర్ ఛేవాంగ్ రించెన్ లద్దాఖ్ స్కౌట్లను ష్యోక్ లోయ వెంట నడిపించాడు. ఆయన ఆ లోయలకు చెందిన నుబ్రా మనిషి. 1948 యుద్ధంలోనే, ఇంకా మీసం సరిగా రాని వయసులో, మహావీర చక్ర అందుకున్నాడు. 1971లో చలుంకా స్థావరాలను, ఆ వెనక తుర్తుక్‌ను గెలిచి రెండోసారి అదే పతకం పొందాడు. అది కశ్మీర్ గీత కిందికి వచ్చే నేల కావడంతో మనకే మిగిలింది.

తుర్తుక్ వాసులు బల్తీ మాట్లాడే ముస్లింలు. పొద్దున లేచేసరికి దేశం మారిపోయింది. చదువుకోసమో పనికోసమో స్కర్దూ వైపు వెళ్లిన కొడుకులు, అన్నదమ్ములు అటే ఉండిపోయారు. కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ల మధ్య చుట్టరికం ఉత్తరాలకూ, ఫోన్లకూ పరిమితమైంది. 2010లో తుర్తుక్‌లోకి పర్యాటకులను అనుమతించారు. ఇప్పుడు మన తెలుగు పిల్లలు కూడా బైకుల మీద అక్కడికి వెళ్లి ఆప్రికాట్ తోటల్లో ఫోటోలు దిగి వస్తున్నారు. ఆ ఇళ్లలో ఎదురుచూపుల కథలు ఉన్నాయని తెలిసి వెళ్లేవాళ్లు తక్కువ.

రెండు ఊళ్లనూ గెలిచింది మన సైన్యమే. ఒకటి వెనక్కి వెళ్లింది, ఒకటి మిగిలింది. ఆ తేడాకు దాడి గొప్పతనంతో సంబంధం లేదు. ఆ ఊరు ఏ రకం గీత దగ్గర ఉందన్నదే లెక్క. ఈ విషయం గ్రహించకుండా ‘గెలిచిన నేలను నాయకులు వదిలేశారు’ అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు, ‘శాంతి కోసం ఇచ్చారు’ అని సర్దిచెప్పేవాళ్లు, ఇద్దరూ అక్కడి జనాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఛాఛ్రో జనం ఏమయ్యారు

దేశ విభజన సమయంలో థార్‌పార్కర్ హిందువుల్లో చాలామంది ఊళ్లు వదల్లేదు. ఎడారి వాళ్లను కాపాడింది, ఇరుగు పొరుగు ముస్లింలతో పొత్తు కూడా అలాగే నిలిచింది. 1965 యుద్ధంతో మునాబావ్, ఖోఖ్రాపార్ మధ్య రైలు ఆగిపోయి, మొదటిసారి చుట్టరికానికి అడ్డు పడింది. 1971 ఆ జీవితాన్ని తలకిందులు చేసింది.

భారత సైన్యం వచ్చినప్పుడు స్వాగతం చెప్పినవాళ్లు ఉన్నారు, భయపడి ఇంట్లో దాక్కున్నవాళ్లు ఉన్నారు. నేల తిరిగి పాకిస్తాన్‌కు వెళుతుందని తేలగానే అందరి ముందూ ఒకే ప్రశ్న నిలిచింది. రేపు వచ్చే అధికారి మనల్ని ఎలా చూస్తాడు? సైన్యానికి దారి చూపినవాడికీ, కుండెడు నీళ్లు ఇచ్చినవాడికీ, ఏమీ చేయనివాడికీ అనుమానం ఒకేలా అంటుకుంటుంది. పదుల వేల మంది పశువులు, బావులు, పొలాలు వదిలి బాడ్‌మేర్ వైపు నడిచారు. సోఢాలే కాదు, మేఘవాళ్లు, భిల్లులు, బ్రాహ్మణులు, చారణులు కూడా. ఏళ్ల తరబడి శిబిరాల్లో గడిపారు. పౌరసత్వం చేతికి వచ్చేసరికి ఆ దశాబ్దం ముగింపుకు వచ్చింది.

అందరూ రాలేదు. ఉండిపోయినవాళ్ల సంతతి ఇవాళ్టికీ థార్‌పార్కర్‌లో పెద్ద సంఖ్యలోనే ఉంది. కమాండోల దాడి జరిగిన ఆ ప్రాంతానికే చెందిన నగర్‌పార్కర్ నుంచి కృష్ణకుమారి కోహ్లీ 2018లో పాకిస్తాన్ సెనేట్‌కు ఎన్నికయ్యారు. ఆ సభలో అడుగుపెట్టిన తొలి దళిత హిందూ మహిళ ఆమె. వెళ్లినవాళ్లది తప్పనీ, ఉన్నవాళ్లది తప్పనీ చెప్పే హక్కు దూరంగా కూర్చున్న మనకు లేదు.

2006 ఫిబ్రవరిలో థార్ ఎక్స్‌ప్రెస్ మొదలైనప్పుడు నలభై ఏళ్ల తర్వాత అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 2019 ఆగస్టులో అదీ ఆగింది. 2025 ఏప్రిల్ 22 పహల్గాం హత్యాకాండ తర్వాత పాకిస్తానీయుల వీసాలను మన ప్రభుత్వం రద్దు చేసినప్పుడు జోధ్‌పూర్ శివార్లలోని బస్తీల్లో మళ్లీ గుబులు పుట్టింది. పాకిస్తానీ హిందువులకు ఇచ్చిన దీర్ఘకాల వీసాలకు ఆ రద్దు వర్తించదని ప్రభుత్వం వివరణ ఇచ్చాకే ఊపిరి పీల్చుకున్నారు. పాస్‌పోర్టు ఒక దేశానిది, పూడ్చుకున్న పునాది రాయి మరో దేశంలో అయినప్పుడు, ఎక్కడ ఏ తుపాకి పేలినా ముందు ఉలిక్కిపడేది వాళ్లే.

మన ఇంటి గీతలు

దీన్ని మనం ఎందుకు రాస్తున్నామని ఎవరైనా అడగవచ్చు. గీత అటు జరిగితే మనిషి ఏమవుతాడో కొంతవరకు మనకు తెలుసు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం అటు వెళ్లింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్లారి మైసూరుకు, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి. 1960లో తిరుత్తణి మద్రాసులో కలిసింది. 1954లో యానాం ఫ్రెంచి జెండా నుంచి బయటపడింది. మన తాతలు ఇల్లు కదల్లేదు, వాళ్ల మీదుగా గీత కదిలింది. బడిలో భాష మారింది, కచేరీలో అర్జీ భాష మారింది, ‘మీరు ఏ ఊరివాళ్లు’ అన్న ప్రశ్న సొంత ఊళ్లోనే ఎదురైంది.

అయినా పోలికను అతిగా సాగదీయకూడదు. మన గీతలు గీసింది కమిషన్లు, చట్టసభలు. వాటికి రెండు వైపులా ఒకే దేశం, ఒకే పౌరసత్వం. బస్సెక్కి పెళ్లికి వెళ్లి రావచ్చు. మనం పోగొట్టుకున్నది బడిలో తెలుగు మీడియం అయితే, ఛాఛ్రో మనిషి పోగొట్టుకున్నది ఇల్లు, పొలం, తోబుట్టువు. ఆ తేడా తెలిసి ఉండటం కూడా మన బాధ్యతే. అయితే మన చిన్న అనుభవం వాళ్ల పెద్ద కష్టాన్ని అర్థం చేసుకోవడానికి ఒక తలుపు తీస్తుంది.

ఇకముందు ఏం అడగాలి

రాత్రి దాడుల కాలం పోలేదు. 2016 సెప్టెంబరు 28, 29 మధ్య రాత్రి మన కమాండోలు నియంత్రణ రేఖ దాటి వెళ్లి వచ్చారు. 2025 మే 7 తెల్లవారుజామున మనుషులు దాటకుండానే క్షిపణులు తొమ్మిది చోట్ల పడ్డాయి. ఆయుధం మారుతోంది. కమాండో నాలుగు రాత్రులు ఎడారిలో తిరిగి చేసిన పనిని కొన్నిచోట్ల ఇప్పుడు అరగంటలో చేయగలుగుతున్నారు. గీత పక్కన ఉన్న జనం పరిస్థితి మాత్రం మారలేదు. మే 7 దాడికి బదులుగా పాకిస్తాన్ ఫిరంగులు పేల్చినప్పుడు పూంఛ్ పట్టణంలో పిల్లలతో సహా సామాన్యులు చనిపోయారు. ఆ రోజుల్లోనే శ్రీసత్యసాయి జిల్లాకు చెందిన మన తెలుగు జవాను ఒకరు నియంత్రణ రేఖ దగ్గర ప్రాణం అర్పించాడు. ఆ పేరు మన ఊళ్లలో కొవ్వొత్తుల ప్రదర్శనల్లో మారుమోగింది. పూంఛ్‌లో పోయిన పౌరుల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

మళ్లీ అలాంటి రాత్రి వస్తే, వార్త చూసి చప్పట్లు కొట్టాక ఇంకో మూడు ప్రశ్నలు అడుగుదాం. ఆ గీత దగ్గర ఉన్న పల్లెలకు బంకర్లు, ఖాళీ చేయించే ఏర్పాట్లు ముందే ఉన్నాయా? దెబ్బతిన్న ఇళ్లకు పరిహారం ఎప్పటిలోగా వస్తుంది? చర్చల బల్ల మీద నేల గురించి మాట్లాడేటప్పుడు, దాని మీద బతికే మనుషుల భద్రత గురించి, పౌరసత్వం గురించి ఒక్క వాక్యమైనా రాస్తున్నారా? సిమ్లా ఒప్పందంలో సైన్యాలు ఎక్కడికి తిరిగి వెళ్లాలో స్పష్టంగా ఉంది. ఛాఛ్రో నుంచి బయలుదేరిన కుటుంబం ఎక్కడికి వెళ్లాలో అందులో లేదు.

భవానీ సింగ్ 2011లో కన్నుమూశారు. ఆయన కమాండోల సాహసాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు ఏమాత్రం లేదు. వాళ్లు తమకు అప్పగించిన పని నూటికి నూరుపాళ్లు చేశారు. మిగిలిన పని సైనికులది కాదు, ప్రభుత్వాలది, వాటిని ఎన్నుకునే మనది. ఈ డిసెంబరు 16న పిల్లలకు ఛాఛ్రో దాడి కథ చెప్పేటప్పుడు, ఆ ఊరి నుంచి నెత్తిన మూట పెట్టుకుని బాడ్‌మేర్‌కు నడిచిన వాళ్ల కథ కూడా కలిపి చెబుదాం. రెండూ కలిస్తేనే అది ఆ యుద్ధం చరిత్ర అవుతుంది.